బండి ఆగలేదు, పన్ను నొప్పి

నలభై దాటాక మోటారు సైకిలు నేర్చుకున్న గుమాస్తా, ఆ ఆదివారం ఉదయం బండిని తళతళలాడేలా తుడిచి గుమ్మం ముందు నిలబెట్టాడు. కొన్నది పాత బండే. కానీ కుర్రతనం నుంచి కన్న కల కావడంతో దాన్ని కొత్త పెళ్లికూతురిలా చూసుకుంటున్నాడు. భార్యను మొదటిసారి వెనక కూర్చోబెట్టుకుని బావమరిది ఇంటికి భోజనానికి వెళ్లడం ఆనాటి కార్యక్రమం.

ఆవిడ బయటికి రావడానికి గంట పట్టింది. అలంకారానికి కాదు. గ్యాసు కట్టేసిందో లేదో చూసి, మళ్లీ చూసి, బిగించిన కుళాయిలనే మళ్లీ బిగించి వచ్చింది. తిప్పి మూసే వీలున్నది ఏదైనా తెరిచి ఉంటే ఆవిడకు నిద్ర పట్టదు.

"ముందే చెప్తున్నా, దారిలో ఒక్కసారి ఆగిందో, రేపే అమ్మేయాలి. అన్నయ్య బేరం కూడా చూసి ఉంచాడు."

"ఆగడమా? దీనికి ఆ అలవాటే లేదు" అన్నాడు గుమాస్తా.

ఒక్క తన్నుకే బండి స్టార్టయింది. రెండు వీధులు దర్జాగా దాటింది. మూడో మలుపులో రెండుసార్లు దగ్గి, చల్లగా ఆగిపోయింది.

"ఏమైందండీ? ఆగిపోయిందా?"

"ఛ ఛ, నేనే ఆపాను."

"ఎందుకు?"

ఎందుకో అతనికీ తెలియదు. దిక్కులు చూశాడు. ఎదురుగా పళ్ల డాక్టరు బోర్డు కనిపించింది. చెయ్యి దానంతటదే దవడ మీదికి వెళ్లింది. "పన్ను... పొద్దుట్నుంచీ ఒకటే సలుపు."

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇంత నొప్పి పెట్టుకుని నా కోసం బయల్దేరారా? పదండి లోపలికి!"

"ఇప్పుడు తగ్గిపోయిందే" అన్నా వినకుండా రెక్క పట్టుకుని లాక్కెళ్లింది.

ఖాళీగా కూర్చున్న డాక్టరుకు ప్రాణం లేచి వచ్చింది. గుమాస్తా వేలు పెట్టి చూపించిన పన్నును లైటు వేసి చూసి, "మంచివేళకు వచ్చారు. లోపలంతా పుచ్చిపోయింది. నొప్పి కూడా ఉంటే ఇవాళే తీసేద్దాం. ఉందా?" అన్నాడు.

లేదంటే బండి పోతుంది. ఉందంటే పన్ను పోతుంది. పక్కనే భార్య. గుమాస్తా నోరు పెద్దగా తెరిచాడు.

నోట్లో దూదితో, ఉబ్బిన బుగ్గతో బయటికొచ్చి బండిని తన్నాడు. ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ తన్నాడు. ఆవిడ వంగి చూసి, ట్యాంకు కింద చిన్న పెట్రోలు కుళాయి మీద వేలు పెట్టింది.

"ఇదింకా మూసే ఉందేం? రాత్రి గ్యాసుతో పాటు దీన్నీ నేనే కట్టేశా. మీరు తెరవలేదూ?"

అలాంటిదొకటి ఉందనే గుమాస్తాకు తెలియదు. పాపం, లోపల మిగిలిన కాస్త పెట్రోలుతోనే బండి అంతదూరం వచ్చింది.

ఆవిడ కుళాయి తిప్పింది. ఈసారి తన్నగానే బండి గుర్రుమంది. ఆవిడ కుళాయి వంక, అతని బుగ్గ వంక మార్చి మార్చి చూసింది.

"అయితే ఇందాక ఆగిపోయిందన్నమాట."

దూది నోటితో అబద్ధమాడడం కష్టం. తల ఊపాడు.

"దీని కోసం పన్ను పీకించుకున్నారా? పిచ్చి మనిషీ!" ఆవిడకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అక్కడికక్కడే ఫోను తీసింది. "అన్నయ్యా, ఆ బేరం వద్దని చెప్పేయ్. బండి మంచిదే. ఆపింది నేను."

గుమాస్తా జన్మ ధన్యమైంది. భుజం మీద భార్య చెయ్యితో, ఎక్కడా ఆగకుండా బావమరిది ఇంటికి చేరాడు. అక్కడ అందరూ కడుపునిండా భోంచేస్తుంటే, బండి యజమాని మంచినీళ్లు తాగాడు.