కీ గడియారానికి పెన్సిల్ సెల్లు

పాత గడియారాలు బాగుచేసేవాళ్లు కరువైపోవడం మనం చేసుకున్న పుణ్యం! కాదన్నవాళ్లు ఒక్కసారి మా చర్చికి రండి.

ఉదయగిరికి కూతవేటు దూరంలోని మా పల్లె చర్చిలో దొరల కాలం నాటి గోడ గడియారం ఉండేది. ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ మెంబరొకరు స్టూలెక్కి దానికి కీ ఇవ్వాలి. పద్నాలుగు చుట్లు! ఈ ఏడాది ఆ వంతు నాది. సంఘపెద్దనైన నేను వారం వారం చెయ్యెత్తి తిప్పాలా? నాకేం ఖర్మ?

ఏటా ఆత్మకూరు నుంచి ఖాదర్ బాషా వచ్చి సర్వీసింగ్ చేసేవాడు. పళ్లచక్రాలు కిరసనాయిలుతో కడిగి, చుక్క చుక్క నూనె పెట్టి, ఆ తర్వాత ఏం చేసేవాడు? చెవి ఒగ్గి కూర్చునేవాడు! "టిక్కూ టక్కూ సమానంగా పడాల సార్. లేకుంటే నిలిచిపోతాది" అనేవాడు. మనిషి మాట మనిషే వినని ఈ రోజుల్లో గడియారం మాట వినడమొక పనా?

మొన్న క్రిస్మస్‌కు చర్చికి రంగులేయించాం. పెయింటర్లు దించిన గడియారాన్ని నేనే స్వహస్తాలతో తగిలించాను. అరగంటకు ఆగింది. ఆడించాం, మళ్లీ ఆగింది. కమిటీ అత్యవసరంగా కూర్చుంది. "ఖాదర్ బాషాకు ఫోన్ కొడదామా?" అన్నాడు డేవిడ్‌రాజు ఒక్కడే. ఆయన్ను బయటికి పంపి, గడియారం చచ్చిపోయిందని ఏకగ్రీవంగా తీర్మానించాం.

ఇత్తడి మిషన్ పీకించి పాత సామాన్లవాడికి ఇచ్చేశాం. దాని చోట ప్లాస్టిక్ డబ్బా, అందులో పెన్సిల్ సెల్లు! పెండ్యులం ఇప్పుడూ ఊగుతుంది. కాకపోతే దాని ఊపుకూ టైముకూ ఏ సంబంధమూ లేదు. అచ్చం మా కమిటీయే!

గంటలు కొట్టే మోటుతనమూ పోయింది. ఇప్పుడు మ్యూజిక్ వస్తుంది. ఒంటిగంటకూ అదే పాట, పన్నెండుకూ అదే పాట. ఎంత సమానత్వం!

ఇది గిట్టనిది చర్చి పక్కింటి ఓబమ్మవ్వకే. చూపు లేని మనిషి, ఒంటరి మనిషి. ఇన్నాళ్లూ గంటలు లెక్కబెట్టుకుని షుగరు మాత్రలు మింగేది. కొత్త గడియారం వచ్చాక వేళ తెలియక రెండుసార్లు కళ్లు తిరిగి పడింది. "ఏంది నాయనా, ఎన్నయిందో చెప్పరా అంటే పాట పాడతాదేందిది?" అని నన్ను నిలదీసింది. సంగీతజ్ఞానం లేని మనుషులండీ!

పోయిన వారం, పిలవకపోయినా ఖాదర్ బాషా వచ్చాడు. సర్వీసింగ్ నెల కదా! సంచి దించి, దూరంగా నిలబడి గడియారం వైపు చూశాడు.

"ఎవురు సార్ తగిలించింది? ఎడమపక్కకి వాలి ఉండాది. వాలితే పెండ్యులం నిలిచిపోతాది. వెనకాల అట్టముక్క మడిచి పెట్టింటే చాలు."

స్టూలెక్కి గడియారం తలుపు తీశాడు. ప్లాస్టిక్ డబ్బా చూశాడు.

"ఇంక పరవాలేదులే సార్. ఇది వంకరగా ఉన్నా ఆడతాది" అని తలుపు మూసి, సంచి భుజానికేసుకుని బస్సుకు వెళ్లిపోయాడు.

నేను చెప్పేదీ అదే! మా వంకర బయటపెట్టే గడియారం మాకెందుకు?

ఒక్క చిన్న ఇబ్బంది మాత్రం మిగిలింది. ఓబమ్మవ్వ మళ్లీ పడితే నా పీకకు చుట్టుకుంటుందని, పొద్దున ఎనిమిదికీ రాత్రి ఎనిమిదికీ నేనే పోయి ఆమెకు టైము చెప్పి వస్తున్నాను. వారానికి పద్నాలుగు సార్లు!