ఆరింటి వేడిగాలి

సోనికి అన్నిటికన్నా పెద్ద భయం, కూతురు భార్గవికి జ్వరం వచ్చినా తన చేతికి తెలియదని. రెండేళ్ల కిందట పొయ్యి ముందు నుంచి లేచి వచ్చి కొడుకు నుదురు ముట్టింది. "చల్లగనే ఉన్నడు" అంది. కాగిన చేతికి కాగిన ఒళ్లు చల్లగానే తోచింది. పిల్లవాడు దవాఖానా దాకా పోయాడు గాని తిరిగి రాలేదు. ఇప్పుడు మూడేళ్ల భార్గవి ఉంది. ఆ చెయ్యీ ఉంది.

ములకలపల్లి దాటాక అడవి అంచున ఉన్న వాళ్ల తండాలో కొత్త అంగన్‌వాడీ కట్టబోతున్నారు. ఎండకు ఉడకని, చలికి వణకని గది కావాలంటే, గంటగంటకూ అక్కడి వేడి ఎంతో కంప్యూటర్‌కు చెప్పాలట. ఇంజనీరు షాలేమ్‌రాజు ఎంత వెతికినా ఎక్కడో పట్నంలోని విమానాశ్రయం లెక్కలే దొరికాయి. "ఆ లెక్కతోని కడితే మీ పిల్లలు విమానం ఎక్కాలె తప్ప గదిల కూసోలేరమ్మా" అని, సోని వాకిట్లో గుంజకు తెల్ల డబ్బా బిగించాడు. అందులో వేడి కొలిచే వేలెడంత పరికరం. అది చూపే అంకె అప్పటికప్పుడు ఖమ్మంలో అతని ఫోన్‌కు చేరుతుంది. "మేకలు రుద్దుకోకుండ చూస్తె చాలు" అని చెప్పి పోయాడు.

డిసెంబర్‌లో ఒక పొద్దున, దుప్పట్లు ఉతికేసి పిల్లను తయారుచేద్దామని సోని వాకిట్లోకి వచ్చింది. డబ్బాలో అంకె కనబడింది. ఏడో తరగతితో బడి ఆగినా అంకెలు మరచిపోలేదు. పరికరం తీసి, నిద్రపోతున్న పిల్ల చంకలో పెట్టింది. ముప్పై ఆరున్నర. ముప్పై ఏడు దాటకుంటే జ్వరం లేనట్టేనని బడిలో చదివింది. రెండేళ్లలో మొదటిసారి, వెనక్కి తిరిగి చూడకుండా దుప్పట్లు ఉతికింది. మర్నాటి నుంచి రోజూ ఆరింటికి అదే పని.

అయిదో రోజు షాలేమ్‌రాజు ఫోన్ చేశాడు.

"సోనమ్మా, పొద్దున ఆరింటికి మీ దగ్గర ఏమైతుంది? పదిహేను నుంచి ఒక్కసారే ముప్పై ఆరు, ఏడింటికి మళ్ల పదహారు."

నిజం చెబితే డబ్బా తీసుకుపోతాడు. "గాలి సార్" అంది సోని. "అడవి దిక్కు నుంచి వేడిగాలి కొడ్తది."

"డిసెంబర్లనా?"

"అవ్ సార్. జరసేపే."

అత్త బాలి పక్కనుంచి అంతా విన్నది. "ఇంక నయం, నిప్పుల వాన పడ్తదని చెప్పలే."

షాలేమ్‌రాజు నమ్మాడు. అతణ్ని చూసి కంప్యూటర్ కూడా నమ్మింది. వారం తిరిగేసరికి నక్షాలో అడవివైపు మూడు కిటికీలూ మాయమయ్యాయి. సోని భర్త కోటేష్ ఫోన్‌లో ఆ బొమ్మ చూపించి, "ఎరువుల గోదాం లెక్క ఉంది. రేపు ఇందుల ఉడికేది మన పిల్లనే" అన్నాడు. సోనికి అన్నం సయించలేదు. డబ్బా పోతే మళ్లీ చెయ్యే దిక్కు. ఉంటే పిల్లకు కిటికీ లేని గది.

ఇంతలో, ఎవరూ ఎరగని ఆ గాలిని కళ్లారా చూడాలని షాలేమ్‌రాజు పై అధికారి, పెద్దసారు వెంకటప్పయ్య, అతణ్ని వెంటబెట్టుకుని బయలుదేరాడు. తెల్లవారకముందే మఫ్లర్లు చుట్టుకుని ఇద్దరూ అడవివైపు తిరిగి నిలబడ్డారు. మంచు తప్ప ఏమీ రాలేదు. సోని పొయ్యి రాజేసి టీ పెట్టింది. పిల్ల ఇంకా లేవలేదేమని వెళ్లి నుదురు ముట్టింది. చల్లగానే ఉంది.

ఆరు దాటింది. "గాలేదమ్మా?" అన్నాడు పెద్దసారు, పళ్లు టకటకలాడుతుంటే.

"ఇయ్యాల దానికి సెలవేమో సారూ" అంది బాలి.

"అట్లయితే అది వచ్చేదాక ఈడనే ఉంటం."

సోనికి ఇక దాచడం చేతకాలేదు. పరికరం తీసి అందరి ముందూ పిల్ల చంకలో పెట్టింది. "గిదే సార్ ఆ గాలి. కిటికీలు పెట్టుండ్రి, డబ్బా తీస్కపోండ్రి."

షాలేమ్‌రాజు తన ఫోన్ తీసి చూశాడు. అంకె ముప్పై ఆరు దగ్గర ఆగలేదు. ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిదిన్నర. సోని తన అరచెయ్యి వైపు చూసుకుంది.

"జీపు తియ్" అన్నాడు పెద్దసారు.

మలేరియా. జల్దీ తెచ్చారు కాబట్టి సరిపోయిందన్నాడు డాక్టరు. పదో రోజుకు పిల్ల ఇంటికి, మూడు కిటికీలు నక్షాలోకి తిరిగి వచ్చాయి. డబ్బాను తండాలోనే ఉండే సమ్మయ్య ఇంటి గుంజకు మార్చారు. షాలేమ్‌రాజు సోనికి జ్వరం చూసే పుల్ల కొనిచ్చాడు. ఆమె దాన్ని నమ్మదు. అది చూపే అంకె ఎవరి ఫోన్‌కూ పోదు మరి.

అందుకని, పొద్దున్నే ఆ దారిన పోయేవారు సోని వాకిట్లో ఒక్క నిమిషం ఆగి, భార్గవి నుదురు ముట్టి చూసి పోండి. సోని టీ ఇస్తుంది. గ్లాసు పట్టుకోకముందే చూడండి.