వేవ్ అదుపులోనే ఉంది

"ఇకపై దేశంలో వీచే ప్రతి వేవూ ప్రభుత్వ అదుపులోనే ఉంటుంది!"

ఎన్నికలు రెండు నెలల్లో ఉన్నాయనగా సైన్సు మంత్రిగారు చేసిన చారిత్రక ప్రకటన ఇది. ఆయనకు సైన్సు రాదు. అందుకే దాని మీద ఎలాంటి పక్షపాతమూ లేదు.

ఈ ఘనతకు మూలం ఒక ల్యాబ్. అక్కడి శాస్త్రవేత్తమ్మ పన్నెండేళ్ళుగా వెంట్రుకలో వెయ్యో వంతు మందం ఉన్న అయస్కాంతపు ఫిల్మ్ మీద పనిచేస్తోంది. అందులో ఒక అణువు ఊగితే పక్కదీ ఊగుతుంది, దాన్ని చూసి దాని పక్కదీ. ఆ ఊపు పేరు స్పిన్ వేవ్. దాన్ని కోరిన వైపు తిప్పడమే ఆమె పని. ల్యాబ్ గడువు నెలాఖరుతో సరి. పొడిగింపు ఫైలు మీద మంత్రిగారి సంతకం పడకపోతే ఆమె కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. అందుకే ఆయన ల్యాబ్ చూడటానికి వచ్చిన రోజు ఆమె ఆ ఫైలు ఆయన కుర్చీ ముందే పెట్టింది.

తెర మీద ఎర్ర గీత ఎడమకు పోతోంది. ఆమె మీట తిప్పింది. గీత కుడికి మళ్ళింది.

మంత్రిగారు కుర్చీ ముందుకు లాక్కున్నారు. "అంటే అమ్మా, అవతలివాళ్ళ వైపు పోయే వేవ్‌ని మన వైపు తిప్పొచ్చా?"

"తిప్పొచ్చు సార్. కాకపోతే ఈ ఫిల్మ్‌లోనే."

"ఫిల్మ్ సంగతి నాకొదిలెయ్. మా బావమరిది ప్రొడ్యూసరే."

నిజం చెబుదామని ఆమె నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే మంత్రిగారి పెన్ను మూత కూడా తెరుచుకుంది. ఆమె నోరు మూసుకుంది. సంతకం పడింది.

వేవ్ చేతిలో ఉండగా ఇల్లిల్లూ తిరగడం దేనికని మంత్రిగారు కార్యకర్తలను ఇళ్ళకు పంపేశారు. పీఏ మాత్రం రోజూ ఫోన్ చేసేవాడు.

"మేడమ్, వేవ్ ఎటుంది?"

"కుడికే ఉందండీ."

"గట్టిగా పట్టుకోండి!"

ఓట్లు లెక్కపెట్టారు. పార్టీ తుడిచిపెట్టుకుపోయింది. మంత్రిగారొక్కరే నూట మూడు ఓట్లతో ఒడ్డున పడ్డారు. మధ్యాహ్నానికల్లా గెలిచిన పార్టీలో చేరారు, వారం తిరక్కుండా మళ్ళీ సైన్సు మంత్రి అయ్యారు. సైన్సును విడిచి ఉండలేని మనిషి.

తిన్నగా ల్యాబ్‌కే వచ్చారు. "భేష్ అమ్మా! వేవ్ మా వైపే తిరిగింది."

"మా అంటే సార్..."

"ఇప్పటి మా."

పీఏ సంచిలోంచి తాళం, లక్క, ల్యాబ్‌కి సీలు వేసే ఉత్తర్వు తీశాడు. మంత్రిగారు గొంతు తగ్గించారు. "ఇంత ప్రమాదకరమైన యంత్రం బయట ఉండకూడదమ్మా. రేపు అవతలివాళ్ళ చేతిలో పడితే?"

ఆమెకు ఏడుపు ఆగలేదు. "సార్, దీనికీ ఓట్లకీ సంబంధమే లేదు. ఇదేమీ చెయ్యలేదు. ఒట్టు!"

మంత్రిగారి ముఖం జాలితో మెత్తబడింది. "చెయ్యలేదా? ఆ ముక్క రాసిస్తావా మరి?"

ఆమె కాగితం లాక్కుని, ఎన్నికల్లో యంత్రం పనిచేయలేదని గబగబా రాసి సంతకం పెట్టింది. మంత్రిగారు రెండుసార్లు చదివి పీఏకి అందించారు.

"ప్రమాదకరమన్న మాట కొట్టెయ్యవయ్యా. పనిచెయ్యని ల్యాబ్ అని రాసి సీలెయ్."