పద్నాలుగో వస్తువు

శనివారం తెల్లవారుజామున ఐదింటికి లేవాలి. కాఫీ తాగి, జాబితా చూసుకుంటూ ఒక్కొక్క వస్తువూ బండికెక్కించి, ఆరున్నరకు బయలుదేరాలి. ఎనిమిదికల్లా పోటీ మైదానం గేటు దాటాలి. హార్లన్ టిబెట్స్ వేసుకున్న పథకం ఇంతే. పథకంలో ఇబ్బంది ఏమీ లేదు. ఇబ్బందల్లా హార్లన్‌తోనే.

అమెరికాలో మిజోరీ కొండల్లో ఇంటింటికీ తిరిగి వంటగ్యాసు ట్యాంకులు నింపే లారీ అతనిది. ఇరవై రెండేళ్ళలో ఒక్క ఇంటి ట్యాంకు కూడా మరిచిపోయి ఎరగడు. మల్టీగన్ పోటీ అనేసరికి మాత్రం అతని బుర్రకు చిల్లు పడుతుంది. ఆ ఆటే అలాంటిది. పిస్తోలు, రైఫిల్, షాట్‌గన్ మూడూ ఒక్క మనిషే కాల్చాలి; గడియారం పరుగెడుతుంటే తనూ పరుగెడుతూ ఒకటి దించి ఇంకొకటి ఎత్తాలి. కాల్చడం నిమిషం పని. సర్దడం వారం పని.

మూడేళ్ళ కిందట హార్లన్ షాట్‌గన్ తెచ్చి దాని తూటాలు మరిచిపోయాడు. మరుసటేడు తూటాలు తెచ్చి, పిస్తోలు పెట్టుకునే బెల్టు మరిచిపోయాడు. పోయినేడు అన్నీ తెచ్చాడు, తుపాకుల పెట్టె తాళంచెవి తప్ప. "ఇప్పుడే ఇంటికెళ్ళి తెస్తా," అని బతిమాలితే, జట్టు పెద్ద విల్మా కెస్లర్ ఒప్పుకోలేదు. విల్మా నలభై ఏళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి. ఆమె గొంతుకు వెనక సీట్లలో నిద్రపోయేవాళ్ళు కూడా లేచి కూర్చునేవాళ్ళు.

"గేటు దాటాక చేతిలో లేనిది మరిచిపోయినట్టే లెక్క. ఇందులో బేరాల్లేవురా హార్లన్," అని తేల్చేసింది.

అలా మూడేళ్ళుగా టర్కీ అతనికే వస్తోంది. అది గడ్డి కూరిన అడవి టర్కీ కోడి. ఒక కన్ను చెక్కపూస, ఒక కాలు అసలే లేదు. ఆ ఏడు అందరికంటే ఘనంగా ఏదైనా మరిచిపోయినవాడికి జట్టు ఇచ్చే బహుమానం అది. గెలిచినవాడు మళ్ళీ పోటీ వచ్చేదాకా దాన్ని ముందుగదిలోనే పెట్టుకోవాలి. విల్మా చెప్పాపెట్టకుండా వచ్చి చూసిపోతుంది. వరసగా నాలుగేళ్ళు గెలిస్తే ఇక అది ఆ ఇంటిదే, శాశ్వతంగా.

ఆ ముందుగదిలోనే హార్లన్ భార్య నేడీన్ పియానో పాఠాలు చెబుతుంది. టర్కీ చెక్కకన్ను సరిగ్గా పియానో వైపే చూస్తుంటుంది. ఇప్పటికి ఇద్దరు పిల్లలు పాఠాలు మానేశారు. నేడీన్ దానిమీద పాత ఊలు దుప్పటి కప్పింది గానీ, దుప్పటి కింద ఏదో ఉందని పిల్లలు ఇంకా ఎక్కువ బెదిరారు.

శుక్రవారం సాయంత్రం ఆమె జాబితా తనే రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించింది. మొత్తం పద్నాలుగు.

"ఏవయ్యా, విను. ఈసారి ఆ పక్షి ఈ ఇంట్లోనే ఉండిపోయిందో, దాన్నీ నిన్నూ కలిపి గ్యారేజీలోకి నెడతా. అది నించునే నిద్రపోతుంది. నీ సంగతి నువ్వు చూసుకో."

"పద్నాలుగూ చూసుకునే కదులుతా. ఒట్టు."

"ఒట్లొద్దు. చదువు. టిక్కు పెట్టు. అంతే."

శనివారం హార్లన్ లేచేసరికి నేడీన్ లేదు. అగ్నిమాపక కేంద్రానికి చందాల కోసం ఊరు ఊరంతా కలిసి తీపి అట్లు పోసే రోజు అది. పిండి కలపడానికి నాలుగున్నరకే వెళ్ళిపోయింది. హార్లన్ కాఫీ తాగాడు. మనసు కుదుటగానే ఉంది. అప్పుడు రైఫిల్ తూటాల డబ్బా కంటబడింది.

మైదానంలో గురి చూసి కాల్చే ఇనుప పలకలుంటాయి. తూటా మొనలో ఉక్కు ఉంటే పలకకు గుంటలు పడతాయి. అందుకే గేటు దగ్గర అయస్కాంతం పెట్టి చూస్తారు. అంటుకున్న తూటాలను పక్కన పెట్టేస్తారు. హార్లన్ కొన్నవి మంచి తూటాలే. డబ్బా మీద రాసి కూడా ఉంది. అయినా, ఒక్కటి అటూ ఇటూ అయితే? అతను ఫ్రిజ్ తలుపు మీదున్న కోడిపుంజు బొమ్మ అయస్కాంతం పీకి, బల్ల దగ్గర కూర్చుని, రెండు వందల తూటాలనూ ఒక్కొక్కటిగా పరీక్షించాడు. ఒక్కటీ అంటుకోలేదు. తృప్తిగా లేచి జాబితా కోసం ఫ్రిజ్ వైపు తిరిగాడు.

జాబితా లేదు.

కాగితాన్ని పట్టి ఉంచింది ఆ కోడిపుంజేనని అతనికి తట్టనే లేదు. కిటికీ చూశాడు, మూసే ఉంది. చెత్తబుట్ట బోర్లించాడు. కుక్క నోరు తెరిపించి లోపలికి టార్చి వేశాడు. కుక్క ఓపిగ్గా సహకరించింది, కానీ నోట్లో ఏమీ లేదు. నేడీన్‌కు ఫోన్ చేశాడు. ఆమె ఫోను అతని మోచేతి పక్కనే, చార్జింగులో మోగింది.

"సరే, గుర్తు తెచ్చుకుందాం," అని వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. తుపాకులు మూడు. వాటి తూటాలు మూడు రకాలు, ఆరు. తూటాలు నింపే మ్యాగజైన్లు ఏడు. బెల్టు ఎనిమిది. చెవుల డిప్పలు, కళ్ళద్దాలు, పది. తుపాకీ ఖాళీ అని తెలిసేలా గుచ్చే పసుప్పచ్చ పుల్లలు పదకొండు. తాళంచెవి పన్నెండు, దాన్ని ఈసారి మెళ్ళోనే వేసుకున్నాడు. ఇవన్నీ మోయడానికి, చంటిపిల్లల తోపుడు బండిని కోసి అతికించిన మూడు చక్రాల బండి పదమూడు.

పద్నాలుగు?

మళ్ళీ లెక్కపెట్టాడు. పదమూడే. గడియారం ఆరు కావస్తోంది. చెమటతో తడిసిన వేళ్ళతో జట్టు నలుగురూ ఉండే ఫోన్ గుంపులో కబురు పెట్టాడు: "పద్నాలుగో వస్తువు ఏంటో ఎవరికైనా తెలుసా? అది లేకుండా వస్తే ఈసారి నా పని అయిపోయినట్టే."

మొదట పలికింది వెల్డింగు పనిచేసే క్లీట్ వాండివర్. "పద్నాలుగోదేంటి హార్లనన్నా? నాకు తెలిసి ఉండేవి పన్నెండు పదమూడేగా?"

జట్టులో మూడో మనిషి పళ్ళ డాక్టరు రాయిస్ పెటిబోన్. నియమాల పుస్తకాన్ని వాహనంలో ఒకటి, ఆసుపత్రిలో ఒకటి పెట్టుకునే రకం. నిద్రకళ్ళతో ఆ కబురు చదివి, పోటీవాళ్ళు కొత్త నియమమేదో పెట్టారనుకున్నాడు. విల్మాకు ఫోన్ చేశాడు. విల్మా క్లీట్‌కు చేసింది. ఆరుంపావుకు హార్లన్ ఫోను మోగింది.

"ఒరేయ్ హార్లన్, ఈ ఏడు పద్నాలుగు వస్తువులు లేకపోతే గేటు దగ్గరే తిప్పి పంపేస్తారంటగదరా!"

హార్లన్ ఫోన్ రెండో చెవికి మార్చాడు. "ఎవరు చెప్పారక్కా?"

"రాయిస్ చెప్పాడు. క్లీట్ కూడా అదే అంటున్నాడు."

"అమ్మో! అయితే నా భయం నిజమేనన్నమాట. ఆ పద్నాలుగోది ఏంటంట?"

"అది తెలియకే కదరా నీకు చేసింది! అందరికంటే ముందు నీకే తెలిసిందంటున్నారు!"

"నాకు తెలిస్తే గుంపులో ఎందుకు అడుగుతానక్కా?"

"నన్నడిగితే? ఫోన్ పెట్టెయ్. నా సామానంతా విప్పి లెక్కపెట్టుకోవాలి."

ఆ పావుగంటలో, ముప్పై మైళ్ళ దూరంలో విసిరేసినట్టున్న నాలుగిళ్ళలో, చక్కగా సర్దిపెట్టుకున్న సంచులు నాలుగూ నేలమీద బోర్లాపడ్డాయి. ఊహలు వరసగా వచ్చిపడ్డాయి. రక్తం ఆపే పట్టీల పెట్టె అని రాయిస్. వానకోటు అని విల్మా. హార్లన్ రెండూ తెచ్చి బండిలో పడేశాడు. అదనపు కళ్ళద్దాలు, వానబూట్లు, గొడుగు, రెంచీల పెట్టె, నీళ్ళ డబ్బా, వేరుసెనగ వెన్న సీసా, అన్నీ ఎక్కించాడు. తోపుడు బండి ముందు చక్రం గాల్లోకి లేచింది.

"అన్నా, పడుకుని రైఫిల్ కాల్చేటప్పుడు కింద పరుచుకోవడానికి దుప్పటేమో?" అని ఆఖరున క్లీట్ పంపాడు.

హార్లన్ ముందుగదిలోకి ఉరికాడు. ఎదురుగా ఊలు దుప్పటి. ఒక్క గుంజు గుంజి తీశాడు. లోపల టర్కీ ఒంటికాలి మీద నించుని, చెక్కకన్నుతో అతన్నే చూస్తోంది. హార్లన్ దాని మొహంలో మొహం పెట్టాడు.

"ఇవాళ్టితో నీకూ నాకూ చెల్లు. ఇక నీ మొహం నాకు చూపించకు," అని, దుప్పటి చంకన పెట్టుకుని బయటికొచ్చి, ఇంటికి తాళం వేశాడు.

దారి పొడవునా పద్నాలుగోది పంటికింద రాయిలా తగులుతూనే ఉంది. నేడీన్ అక్షరాలు కళ్ళముందు కదులుతున్నాయి. ఆఖరి వరస కింద గీత కూడా గీసింది. గీత స్పష్టంగా గుర్తుంది. గీత మీద ఏముందో గుర్తులేదు. రెండుసార్లు రోడ్డు పక్కన ఆపి మెళ్ళో తాళంచెవి తడుముకున్నాడు.

గేటు దగ్గర టోపీ పెట్టుకున్న ముసలాయన తూటాలకు అయస్కాంతం ఆనించి, "మంచిది, పద," అన్నాడు.

"అంతేనా? పద్నాలుగు చూడరా?"

"ఏం పద్నాలుగు?"

హార్లన్ ఆగి వివరం అడగలేదు. మనసు మార్చుకుంటాడేమోనన్న భయంతో బండి తోసుకుంటూ పరుగు తీశాడు.

జట్టువాళ్ళు ముందే వచ్చి ఉన్నారు. క్లీట్ కాళ్ళకు గులాబీరంగు బొచ్చు చెప్పులున్నాయి. సామాను విప్పి సర్దే గొడవలో వాళ్ళావిడ చెప్పులతోనే లారీ ఎక్కేశాడు. "నవ్వితే నవ్వు గానీ, అన్నా, ఈ కంకర మీద వీటితో పరిగెత్తితే మోకాలు పోద్ది," అన్నాడు దీనంగా. హార్లన్ వానబూట్లు తీసి ఇచ్చాడు.

రాయిస్ జేబులన్నీ తడుముకుంటున్నాడు. పద్నాలుగు వస్తువులూ పద్నాలుగు సంచుల్లో పెట్టి చీటీలు అంటించుకొచ్చాడు. ఆ చీటీలు రాసేటప్పుడు తీసి పెట్టిన రక్షణ కళ్ళద్దాలు మాత్రం బల్లమీదే ఉండిపోయాయి. అవి లేకుండా కాల్చే లైను దగ్గరికి కూడా రానివ్వరు. హార్లన్ అదనపు జత ఇచ్చాడు. మూడేళ్ళుగా తీసుకోవడమే తెలిసిన చెయ్యి అది.

ఇంతలో సంచుల్లోంచి తుపాకులు తీసే బల్ల దగ్గర విల్మా పొడుగాటి సంచి జిప్పు లాగింది. మైదానం అధికారి పక్కనే నించుని చూస్తున్నాడు. సంచిలోంచి చెరువుగట్టున చేపలు పట్టేటప్పుడు వేసుకునే మడతకుర్చీ బయటపడింది.

"తూటా ఎటునుంచి ఎక్కిస్తారమ్మా దీనికి?" అన్నాడు అధికారి.

విల్మా సంచి తిరగేసి చూసింది. రైఫిల్ సంచీ, కుర్చీ సంచీ ఒకే రంగు, ఒకే పొడుగు. హార్లన్‌ను తిడుతూ ఫోన్ చెవిలో పెట్టుకుని, పొద్దున చీకట్లో అందిన సంచి లాక్కొచ్చింది. హార్లన్ తన రైఫిల్ వైపు చూపించాడు. "నా వంతు అయ్యాక నువ్వు కాల్చుకో అక్కా. కుర్చీ ఎలాగూ ఉందిగా, అందాకా కూర్చో."

ఆ రోజు హార్లన్ ఎన్నో స్థానంలో వచ్చాడో ఎవరూ అడగలేదు, అతనూ పట్టించుకోలేదు. జట్టంతా అతని సామాను మీదే గడిపింది. రాయిస్ అతని కళ్ళద్దాలతో చూశాడు, క్లీట్ అతని బూట్లతో పరిగెత్తాడు, విల్మా అతని రైఫిల్‌తో గురికొట్టింది. మధ్యాహ్నం ముగ్గురూ అతని వేరుసెనగ వెన్నే రొట్టెకు రాసుకున్నారు.

మూడింటికి రేకుల పందిరి కింద జట్టు సమావేశమైంది. విల్మా లేచి నించుంది.

"ఓట్లు అక్కర్లేదు. రైఫిల్ అనుకుని కుర్చీ తెచ్చినదాన్ని నేను. ఈ ఏడు టర్కీ నాదే. హార్లన్, నిన్ను మూడేళ్ళు నానా మాటలూ అన్నాను. ఇవాళ మమ్మల్ని నిలబెట్టింది నువ్వేరా."

చప్పట్లు కొట్టారు. హార్లన్‌కు పియానో గది కళ్ళముందు మెదిలింది. గోడ ఖాళీగా, మానేసిన పిల్లలు తిరిగొచ్చి హాయిగా స్వరాలు నొక్కుతున్నట్టు.

"సరే, తే," అని విల్మా రెండు చేతులూ చాచింది.

"ఏంటక్కా?"

"టర్కీరా. పోయినేడు నీకేగా ఇచ్చాం? ఇలా తే."

హార్లన్ నవ్వాడు. ఇంకాసేపు నవ్వాడు. తర్వాత నవ్వు దానంతటదే ఆగిపోయింది. గొడుగు, వానకోటు, రెంచీల పెట్టె, దుప్పటి, అందరూ తోపుడు బండి వైపు చూశారు. దుప్పటిని మరికాస్త ఎక్కువసేపు చూశారు.

"ఇంటికెళ్ళి తెస్తా. పోనూ రానూ మూడు గంటలే..." అన్నాడు హార్లన్ పీలగా.

రాయిస్ గొంతు సవరించుకున్నాడు. "గేటు దాటాక చేతిలో లేనిది..."

"ఒప్పుకుంటాన్రా, నా కుర్చీ పెద్ద తప్పే," అంది విల్మా, జాలిపడుతూనే. "కానీ రైఫిల్ లేకపోతే నీ రైఫిల్‌తో కాల్చాను. టర్కీ లేకపోతే ఎవరి టర్కీ ఇస్తాం?"

నాలుగు చేతులు లేచాయి. నాలుగోది హార్లన్‌దే, అలవాటుగా లేచింది.

చెయ్యి దించేలోపు ఫోను మోగింది. నేడీన్. "ఏవయ్యా, ఫ్రిజ్ కింద చీపురు పెట్టి ఊడిస్తే జాబితా దొరికింది. ఆ కోడిపుంజుని ఎందుకు పీకావు? అది సరే, ఆఖరిది చూసుకున్నావా? గీత కూడా గీశాను."

"గీత గుర్తుంది," అన్నాడు హార్లన్.

అవతల నేడీన్ ముందుగదిలోకి నడిచిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే గ్యారేజీ తలుపు కిర్రుమంది.

నియమం ప్రకారం టర్కీ ముందుగదిలోనే ఉండాలి కనుక గ్యారేజీకి హార్లన్ ఒక్కడే వెళ్ళాడు. మడతమంచం, దుప్పటి, టార్చి, నీళ్ళ డబ్బా అన్నీ ఒకటికి రెండుసార్లు చూసుకుని మరీ వెళ్ళాడు, దిండు మరిచిపోయాడు.