లేని బదిలీకి రద్దు ఉత్తర్వు

ఆ రోజు పొద్దున సబ్ ఇన్‌స్పెక్టరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. స్టేషన్‌లో అందరికీ ఒక దొంగ ఈమెయిల్ పంపాలి. మధ్యాహ్నానికి ఎవరెవరు మోసపోయారో చూసుకోవాలి. సాయంత్రం ఆ నివేదికను శిక్షణ సంస్థకు పంపేస్తే కంప్యూటర్ నేరాల కోర్సు పూర్తయినట్టే. సర్టిఫికెట్ చేతికొస్తే, సైబర్ విభాగంలో కొత్తగా మంజూరైన ఒకే ఒక్క కుర్చీ తనది.

ఆ కుర్చీ కోసం ఆమె ఎంత తాపత్రయపడుతోందో ఇంట్లో వాళ్లకు తెలుసు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆమె వాటాకు వచ్చినవి ఊరేగింపుల బందోబస్తు, తప్పిపోయిన పిల్లలు, మొగుడూ పెళ్లాల తగాదాలు. ఆడ ఆఫీసర్ కదా అని, స్టేషన్‌కి ఏడుస్తూ వచ్చినవాళ్లనందరినీ ఆమె గదిలోకే తోసేవారు. కంప్యూటర్ ముందు ఎవరూ ఏడవరనే ఆశతో ఆమె ఏడాదిపాటు, అందరూ తిన్నాక డైనింగ్ టేబుల్ తుడుచుకుని, దాని మీదే పుస్తకాలు పరుచుకుని చదివింది.

"అమ్మాయ్, టీవీలో బొమ్మ వస్తోంది గానీ మాట రావట్లేదు. నీ కోర్సులో ఇది చెప్పారా?" అన్నారు అత్తగారు, ఆమె బూట్ల లేసులు కట్టుకుంటుండగా.

"మీరు మ్యూట్ నొక్కారత్తయ్యా."

"ఆ ముక్క చెప్పడానికి ఏడాది చదివించారా నిన్ను?"

"అమ్మా, దాన్ని వదిలెయ్. ఇవాళ్టితో చదువు అయిపోతోంది" అన్నాడు భర్త. ఆయనది బీమా ఆఫీసులో ఉద్యోగం. జరగబోయే కీడును ముందే ఊహించడం ఆయన వృత్తి. అయినా ఆ పొద్దున ఆయనకు ఏమీ తట్టలేదు.

కోర్సు చివరి పరీక్ష ఇదే: పై అధికారి అనుమతితో సొంత ఆఫీసు మీదే ఒక దొంగ మెయిల్ ప్రయోగించి, ఫలితం రాసి పంపాలి. అనుమతి ఎప్పుడో వచ్చింది. ఇన్‌స్పెక్టర్‌గారు సెలవు చీటీలు, డీజిల్ బిల్లులతో పాటు ఆ కాగితం మీద కూడా ఒక సంతకం గీకేశారు. చదివి సంతకం పెట్టడమంటే కింది ఉద్యోగుల్ని అనుమానించడమేనని ఆయన అభిప్రాయం.

మెయిల్‌కి ఆమె పెట్టిన శీర్షిక: "బదిలీల జాబితా. అత్యంత రహస్యం. ఇతరులకు పంపరాదు." ఆ ఆఖరి మాట కోర్సులో నేర్పింది కాదు, సర్వీసులో నేర్చుకున్నది. పోలీసు శాఖలో ఏదైనా గాలికన్నా వేగంగా పాకాలంటే దాని మీద రహస్యమని రాస్తే చాలు.

లింకు నొక్కితే హెడ్డాఫీసు పేజీలాంటిదే ఒకటి తెరుచుకుంటుంది. పేరూ, పాస్‌వర్డూ కొడితే జాబితా కనబడుతుంది. ఆ జాబితాలో ఒక్కొక్కరికీ తనకు తోచిన చోటు ఇచ్చింది. ఇన్‌స్పెక్టర్‌గారిని పడవ తప్ప దారిలేని దీవి ఔట్‌పోస్టుకి వేసింది. రికార్డులు రాసే పెద్ద హెడ్ కానిస్టేబుల్‌ని, అంటే స్టేషనంతా బాబాయ్ అని పిలిచే ఆయన్ని, గుర్రాల దళానికి వేసింది. జాబితా అడుగున ఎర్రటి అక్షరాలతో, "ఇదంతా పరీక్ష. ఈ బదిలీలు నిజం కావు. మీరు మోసపోయారు. కంగారు పడకుండా ఎస్సైని కలవండి" అని మర్యాదగా రాసింది.

అన్నీ ఆలోచించింది గానీ, బదిలీల జాబితాను ఈ భూమ్మీద ఎవరూ చివరిదాకా చదవరన్న సంగతి మరిచిపోయింది. తన పేరు వెతుక్కుంటారు, ఎదురుగా ఉన్న చోటు చూస్తారు, కుర్చీలో కూలబడతారు. అంతే.

మెయిల్ పంపిన కాసేపటికే బాబాయ్ కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుంటూ వచ్చాడు.

"అమ్మా, ఇదేదో రహస్యమట. నా పాస్‌వర్డ్ ఎంతకీ గుర్తు రావట్లేదు. నీదోసారి ఇస్తావా?"

"బాబాయ్, పాస్‌వర్డ్ ఎవరినీ అడక్కూడదు, ఎవరికీ ఇవ్వకూడదు."

"అందరినీ ఎందుకడుగుతానమ్మా? నిన్నేగా అడుగుతున్నా" అని నొచ్చుకుని, ఇన్‌స్పెక్టర్‌గారి గదికి వెళ్లాడు. ఆయన పాస్‌వర్డ్ అడగనక్కర్లేదు. మానిటర్ మీద అంటించి ఉంటుంది.

ఎస్సైకి లోపల్లోపల సంతోషం పొంగింది. ఇంత బాగా మోసపోయే స్టేషన్ దొరకడం అదృష్టం. నివేదిక దానంతటదే రాసుకుంటుంది. ఆ ఉత్సాహంలోనే కోర్టులో సాక్ష్యం చెప్పడానికి బయల్దేరింది. కోర్టు గేటు దగ్గర ఫోను ఇచ్చేయాలి. ఇచ్చేసింది. జడ్జిగారు వేరే కేసులో తలమునకలై ఉండడంతో మధ్యాహ్నం దాకా బెంచీ మీద హాయిగా కూర్చుంది. ఆ రోజుకు ఆమెకు అదే ఆఖరి ప్రశాంతత.

ఫోను తిరిగి చేతికి రాగానే భర్త నుంచి కాల్ వచ్చింది.

"మీ ఇన్‌స్పెక్టర్ భార్య మనింటికి చేపల తొట్టి తెచ్చి పెట్టి వెళ్లింది."

"ఏం తొట్టి?"

"చేపలదే. చుట్టూ సముద్రమే ఉన్నచోటికి చేపల్ని మోసుకుపోవడం ఎందుకని ఏడ్చిందట. అద్దె ఇల్లు ఖాళీ చేస్తామని ఓనరుకు చెప్పేశారట. అమ్మ తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూచుంది. ఏం చేశావు నువ్వు?"

ఆమె స్టేషన్‌కి పరుగెత్తింది. వరండాలో బాబాయ్ బెంచీకి రెండు వైపులా కాళ్లు వేసి కూర్చుని, ముందుకీ వెనక్కీ ఊగుతున్నాడు. చుట్టూ కానిస్టేబుళ్లు నిలబడి సలహాలిస్తున్నారు. "కళ్లెం అంత గట్టిగా పట్టుకోకు బాబాయ్, బెదురుతుంది" అంటున్నాడొకడు.

ఇన్‌స్పెక్టర్‌గారు మాత్రం గదిలో చిరునవ్వుతో కూర్చుని ఉన్నారు. ఆమెకు అదే ఎక్కువ భయం వేసింది.

"సర్, పొద్దున వచ్చిన జాబితా నమ్మకండి."

"నమ్మలేకపోయానమ్మా నేను కూడా. ఇన్నేళ్ల సర్వీసుకి దీవి ఇస్తారా?"

"అది కాదు సర్. అది అబద్ధం. నేనే తయారు చేశాను, కోర్సు కోసం. మీరే అనుమతిచ్చారు."

ఇన్‌స్పెక్టర్‌గారు ఆమెను జాలిగా చూశారు. "ఎండన పడొచ్చావు. ముందు మంచినీళ్లు తాగు" అని గ్లాసు జరిపి, దాంతో పాటే ఒక కాగితం కూడా జరిపారు. హెడ్డాఫీసు ఉత్తర్వు. నంబరుంది, సీలుంది, పెద్దసారు సంతకం ఉంది. దీవి ఔట్‌పోస్టుకి చేసిన బదిలీ రద్దు.

"నువ్వు చదువుకున్నదానివి, నువ్వే చెప్పు. లేని బదిలీని ఎవరైనా రద్దు చేస్తారా?"

కోర్సులో ఆ పాఠం లేదు.

జరిగింది ఇది. దీవి పేరు చూడగానే ఇన్‌స్పెక్టర్‌గారు భార్యకు ఫోన్ చేశారు. ఆవిడ వాళ్ల పెదనాన్నకు చేసింది. ఆ పెదనాన్నా, హెడ్డాఫీసు పెద్దసారూ రోజూ కలిసి నడిచే స్నేహితులు. "మా పిల్ల మొగుణ్ణి సముద్రంలో పారేశావేమయ్యా?" అని ఆయన అడిగితే, తన ఆఫీసు నుంచి జాబితా వెళ్లిన సంగతి తనకే తెలియదని చెప్పుకోవడం పెద్దసారుకి నామోషీ అనిపించింది. "చూస్తాన్లే" అని బదిలీల సెక్షన్‌ను పిలిచారు. సెక్షన్ సూపరింటెండెంటుకీ ఏమీ తెలియదు. అయినా పెద్దసారు ముందు తెలియదని అనడం ఆయన సర్వీసులోనే లేదు. "ఫైలు నడుస్తోంది సర్" అన్నాడు. ఫ్యాను బాగు చేయించమంటే ఏళ్లు పట్టే ఆఫీసులో రద్దు ఉత్తర్వు మధ్యాహ్న భోజనాల లోపే తయారైంది.

తీరా నంబరు వేయబోతే, ఏ ఉత్తర్వును రద్దు చేస్తున్నారో రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. గడి ఖాళీగా ఉంటే ఆడిట్ వాళ్లు ఊరుకోరు. అందుకని సూపరింటెండెంటు ఎవరో పంపిన లింకు నొక్కి, తన పాస్‌వర్డ్ కూడా సమర్పించుకుని, పేజీ మొత్తాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేసి, నిన్నటి తేదీ వేసి, పెద్దసారు చేత సంతకం పెట్టించి, అసలు ఉత్తర్వుగా జారీ చేశాడు.

ఎస్సై రద్దు కాగితాన్ని కింది దాకా చదివింది. కోర్సు పుణ్యమా అని ఆమెకు ఆ అలవాటు అయింది. రెండో పేరాలో ఉంది అసలు దెబ్బ. దీవి రద్దయింది కనక, పాత స్థానం ఇప్పటికే వేరొకరికి ఇచ్చినట్టు లెక్క కనక, సదరు ఇన్‌స్పెక్టర్‌ను ప్రస్తుతం ఖాళీగా ఉన్న ఏకైక స్థానమైన సైబర్ విభాగంలో నియమించడమైనది.

"సైబర్‌కా? మీరా సర్?"

"ఎక్కడో అక్కడ వెయ్యాలి కదమ్మా. నాకు కంప్యూటరంటే మొదట్నించీ ఇష్టమే. ఊరికే ఎక్కువ ముట్టుకోలేదు, అంతే."

ఆమె అక్కడి నుంచి తిన్నగా హెడ్డాఫీసుకి వెళ్లింది. దారంతా ఏడుపు ముంచుకొస్తుంటే, ఇన్నేళ్లూ తన గదికి వచ్చి ఏడ్చినవాళ్ల మీద మొదటిసారి గౌరవం కలిగింది. పెద్దసారు గదిలో సూపరింటెండెంటు కూడా ఉన్నాడు. ఆమె మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. అనుమతి కాగితం చూపించింది. ఆఖరికి, రద్దు కాగితానికి జతపరిచి వచ్చిన, నిన్నటి తేదీతో జారీ అయిన ఉత్తర్వు తీసి, అడుగున వేలు పెట్టింది.

"ఇది చూడండి సర్. 'ఇదంతా పరీక్ష. మీరు మోసపోయారు.' ఇది కూడా టైపు చేసి సీలు వేశారు."

పెద్దసారు చదివారు. ఆ జాబితాను కింది దాకా చదివిన మొదటి మనిషి ఆయనే. కళ్లజోడు తీసి సూపరింటెండెంటు వైపు చూశారు.

"టైపు పొరపాటు సర్. సవరణ ఇచ్చేద్దాం" అన్నాడు సూపరింటెండెంటు, రెప్ప వేయకుండా.

పెద్దసారు ఆమె వైపు తిరిగారు. గొంతు చాలా మెత్తగా ఉంది. "చూడమ్మా. నువ్వు చెప్పేదే నిజమైతే, నేనొక దొంగ జాబితా మీద సంతకం పెట్టినట్టు. అంతేనా?"

ఆమె నోరు తెరిచింది.

"ఆలోచించి చెప్పు."

ఆమె ఆలోచించింది. ఇంటి అప్పు, భర్త బీమా ఆఫీసు, అత్తగారి మందులు, తన యూనిఫాం, అన్నీ వరసగా కళ్ల ముందు నిలబడ్డాయి.

"మీరు దొంగ జాబితా మీద సంతకం పెట్టరు సర్."

"మరైతే జాబితా దొంగది కాదు."

"కాదు సర్."

"తెలివైనదానివి. బాగా చదువుకో" అని ఆయన ఆశీర్వదించి పంపారు.

మర్నాడు బాబాయ్ గుర్రాల దళంలో చేరిపోయాడు. ఆయనకు సిఫారసు చేసే పెదనాన్నలు లేరు. ఎస్సై బాధపడుతూ చూడ్డానికి వెళితే, ఆయన బుట్టెడు క్యారెట్లు పెట్టుకుని, ఒక్కో గుర్రానికీ ఒక్కోటి అందిస్తూ కనిపించాడు.

"నన్ను క్షమించు బాబాయ్, నా వల్లే ఇదంతా."

"ఊరుకో అమ్మా! చల్లగా బతుకుతున్నా. వీటి దగ్గరికెళితే చాలు, మనిషిని గుర్తుపడతాయి. పాస్‌వర్డ్ అడగవు."

ఇంట్లో చేపల తొట్టి అలాగే ఉండిపోయింది. దీవికి వెళ్లకపోయినా ఇన్‌స్పెక్టర్ భార్య దాన్ని తిరిగి అడగలేదు. కొత్త హోదాకి తగ్గట్టు ఇంకా పెద్దది కొన్నారట.

ఆమె మాత్రం పట్టుదలగా నివేదిక రాసింది. సైబర్ కుర్చీ పోయినా సర్టిఫికెట్ అయినా మిగులుతుందని ఆశ. స్టేషన్ మొత్తం, దాని పైన సెక్షన్, దాని పైన పెద్దసారు, ఎలా మోసపోయారో వరుసగా రాసి సంస్థకు పంపింది. ఇంతమందిని ఒకే దెబ్బకు పడగొట్టిన విద్యార్థి ఆ సంస్థలో ఇంకొకరు ఉండరు. మొదటి స్థానం ఖాయమనుకుంది.

జవాబు చాలా మర్యాదగా వచ్చింది. విద్యార్థిని జతపరిచిన జాబితా గురించి హెడ్డాఫీసులో విచారించగా, అది అసలు ఉత్తర్వేనని లిఖితపూర్వకంగా ధ్రువీకరించారు. అసలు ఉత్తర్వును సిబ్బంది నమ్మడం మోసపోవడం కిందికి రాదు. పైగా అసలుకూ నకిలీకీ తేడా తెలియకపోవడం ఈ కోర్సు విద్యార్థికి తగదు. మార్కులు సున్నా. మళ్లీ మొదటి నుంచి చదువుకోవలసిందిగా సలహా.

భర్త ఉత్తరం రెండుసార్లు చదివి, టీ పెట్టడానికి వెళ్లాడు. అత్తగారు మాత్రం చేపల మీద నుంచి చూపు తిప్పి, ఎన్నడూ లేని గౌరవంతో కోడల్ని పరికించారు.

"అంటే, నువ్వేది రాస్తే అది జరిగిందన్నమాట."

"అలాగే అనుకోండత్తయ్యా."

"అంత చదువు చదివి, ఆ జాబితాలో నీ పేరు రాసుకోవడం తెలియలేదా అమ్మాయ్?"

ఆమె మళ్లీ ఫీజు కట్టి, మళ్లీ చేరింది. మొదటి రోజు పాఠానికి సైబర్ విభాగం కొత్త అధిపతిని ప్రత్యేక అతిథిగా పిలిచారు. అనుమానం కలిగించే ఈమెయిళ్లను గుర్తుపట్టడం ఎలాగో ఆయన స్వానుభవంతో వివరిస్తుంటే, ఆమె ముందు వరసలో కూర్చుని శ్రద్ధగా రాసుకుంది.