ఇరవై రెండు పరుగుల అతిథి మర్యాద

సొంత మైదానంలో ఇరవై రెండు–ఒకటి తేడాతో ఓడిపోవడం కన్నా గొప్ప భాగ్యం లేదు. నవ్వకండి. మొన్న ఆదివారం మధ్యాహ్నం మా హెరన్స్ బేస్‌బాల్ జట్టు అంత ఘనంగా ఓడింది. నేను కళ్ళారా చూశాను.

గెలిచే ఆటలో ఏముంటుంది? ముందు కూర్చున్నవాడి టోపీ తప్ప ఏమీ కనబడదు. ఆదివారం అలా కాదు. తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో మూడోదానికే అతిథులు పదకొండు పరుగులు చేశారు. నాలుగోదానికి సగం ఊరు ఇంటికెళ్ళిపోయింది. ముప్పై ఏళ్ళుగా నన్నూ, పక్కింటి థెల్మానూ ఖరీదైన కింది వరసల్లో అడుగు పెట్టనివ్వని కాపలాదారు ఆర్లో తనే కేకేశాడు.

"దిగి రండమ్మా. ఇంకా ఆ కొండెక్కి కూర్చోవడమెందుకు?"

ఆరోగ్యం సంగతి చెప్పనా? అవతలి జట్టు గోడ దాటించి జనంలోకి కొట్టిన హోమ్ రన్ బంతి చేతికొస్తే ఉంచుకోకూడదు, తిరిగి మైదానంలోకి విసిరెయ్యాలి. అది మా ఊరి ఆచారం. ఆదివారం తొమ్మిది బంతులొచ్చాయి! డాక్టరు రెండేళ్ళుగా మొత్తుకుంటున్న భుజం వ్యాయామాన్ని థెల్మా ఒక్క పూటలో పూర్తిచేసింది.

బంతి వేసేవాళ్ళందరూ అయిపోయారు. బంతి పట్టాల్సిన క్యాచర్ వేశాడు. ఆ తర్వాత, హెరన్స్ అంటే కొంగలు కదా, జనాన్ని నవ్వించే మా కొంగ వేషగాడు చెయ్యి సాగదీసుకోవడం మొదలుపెట్టాడు. ఎందుకైనా మంచిదని నేనూ సంచి పక్కన పెట్టి సిద్ధంగా కూర్చున్నాను.

అసలు ఆనందం నేను రాసుకునే స్కోరు కార్డులో ఉంది. మా ఆయన పోయాక, అరవై రెండో ఏట అక్షరాలు నేర్చుకుని, నేను తప్పు లేకుండా రాసిన మొదటి మాటలు మా ఆటగాళ్ళ పేర్లే. హాస్క్, కింటెరో, టాలివర్, పైక్. జట్టు యజమాని గారు ఏటా ఒకరిని వేరే జట్టుకి అమ్మారు. ఆదివారం ముగ్గురి పేర్లు అతిథుల వైపు రాశాను. ఇరవై రెండింటిలో పదిహేడు పరుగులు వాళ్ళవే. అలాంటప్పుడు మేం ఓడామని ఎలా అంటారు?

మాకు మిగిలింది పైక్ ఒక్కడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మా ఒకే ఒక్క పరుగు అతనే కొట్టాడు. బంతి గోడ దాటి వచ్చి నా కాళ్ళ దగ్గర ఆగింది. పెద్ద తెరమీద చూస్తే, జట్టంతా వరసకట్టి అతన్ని కౌగిలించుకుంటోంది.

"ఒక్క పరుగుకే ఇంత మురిపెమా?" అంది థెల్మా.

ఆర్లో ఫోను చూసుకుంటున్నాడు. "పరుగుకి కాదు తల్లీ. అమ్మేశారు."

"ఎవరికి?"

"ఎదురుగా ఉన్నవాళ్ళకే."

"ఆట మధ్యలోనా?"

"మన యజమాని దయగల మారాజు. పరుగు పూర్తయ్యేదాకా ఆగాడు."

థెల్మా నా చేతిలోని బంతి వంక చూసింది. "అయితే అక్కా, ఇదీ అవతలివాళ్ళ బంతే. విసిరెయ్ మరి."

నేను ఆచారం తప్పాను. బంతిని సంచిలో వేసుకున్నాను. కార్డులో పైక్ పేరును మా వైపే ఉంచాను.

యజమాని గారికి ఒక మనవి. మా జట్టులో ఇంకా అమ్ముడుపోని పేరు మీదొక్కటే. ఏ ఊరివాళ్ళు అడిగినా వెంటనే ఒప్పుకోండి, ఆట మధ్యలోనైనా సరే. మేమంతా వరసకట్టి, కౌగిలించుకుని మరీ పంపిస్తాం.