క్లోజప్‌లో ఆవిడ, మైకులో నేను

నిజంగా చెబుతున్నానండీ, కెమెరా మన మీద లేకపోతే మన మాట ఎవరికీ వినపడదనే అనుకున్నాను. నా పేరు శాంతికుమార్. ఆ రోజు నుంచి జగ్గయ్యపేటలో నన్ను ‘నడుం శాంతికుమార్’ అంటున్నారు.

మా ఆవిడ కృపాజ్యోతి టీచరు. చందర్లపాడులో హెడ్మిస్ట్రెస్‌గా ప్రమోషన్ వచ్చేలా ఉందప్పుడు. కౌన్సెలింగ్‌కి వెళ్ళి ఆర్డరు తెచ్చుకోవడమే తరువాయి. ఆవిడ ఆ ఊరు వెళ్తే రోజూ తెల్లారకముందే బస్సెక్కాలి. మరి నా టిఫినో? నా క్యారేజీయో? ఆ దిగులుతో నాకు కంటి మీద కునుకు లేదు. వద్దని చెప్పే ధైర్యమూ లేదు.

సరిగ్గా అప్పుడే నందిగామ లోకల్ కేబుల్ వాళ్ళు కౌన్సెలింగ్‌కి ముందు రోజు మా ఇద్దర్నీ లైవ్ టాక్ షోకి పిలిచారు. ఇంకేం! అందరి ముందూ మంచి మొగుణ్ణనిపించుకుని, మర్నాడు పొద్దున్నే నడుం పట్టేసిందని మంచమెక్కితే సరి.

స్టూడియోలో సోఫాకి ఆ చివర కృప, ఈ చివర నేను. బట్టలకి చిన్న మైకులు తగిలించారు. నా పక్కనే కెమెరామన్ ఆరిఫ్, మా వీధి వాడే.

“అన్నా, ఈ ఎర్ర లైటు వెలిగితే షాట్ నీ మీదున్నట్టు. వదిన మాట్లాడేటప్పుడు కూడా మధ్యమధ్యలో నిన్ను చూపిస్తాం. నవ్వుతా తలూపు, చాలు.”

యాంకర్ జాయిస్ మొదట నన్నే పట్టుకుంది. “ఆవిడ చందర్లపాడు వెళ్తే మీకు కష్టం కాదాండీ?”

“కష్టమా? ఆవిడ పైకి రావడమే నాకు పండగండి!”

కృప కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జాయిస్ అటు తిరిగి ఆవిణ్ణేదో అడిగింది. నా ముందు ఎర్ర లైటు ఆరింది. హమ్మయ్య అనుకుని ఆరిఫ్ వైపు వంగాను.

“కౌన్సెలింగా, పాడా! రేపు పొద్దున నాకు నడుం పట్టేస్తది చూడు. ఇక ఆవిడ గడప దాటితే ఒట్టు.”

ఆరిఫ్ మొహం పాలిపోయింది. మూలనున్న టీవీ వైపు వేలు చూపించాడు. తెర నిండా కృప మొహం. గొంతు మాత్రం నాది!

“షాట్ మారుస్తాం గానీ మైకులు మాత్రం ఆపం అన్నా,” అని వాడు తర్వాత లబలబలాడాడు. అప్పటికే నా కొంప మునిగింది.

కృప వింది. అయినా నవ్వు చెదరలేదు.

“మావారికి నడుం నొప్పండి,” అంది మెల్లగా. ఎర్ర లైటు వెలిగింది. ఇప్పుడు తెర మీద నా మొహం, గొంతు ఆవిడది. “ఎక్కువసేపు పడుకోకూడదంట. అందుకని రేపట్నుంచి వంటంతా నిలబడి తనే చేస్తానన్నారు. అంతేగా అండీ?”

ఆరిఫ్ కెమెరా వెనక నుంచి తలూపమని ఒకటే సైగలు. ఊపాను. ఊరంతా చూస్తుంటే ఏం చేయమంటారు?

ఇంతలో ప్రేక్షకుల ఫోను. లైన్లో మా అమ్మ దేవమణి!

“అమ్మాయ్, నువ్వెళ్ళి ఆర్డరు తెచ్చుకో. ఆడి నడుం సంగతి నేను చూస్తా!”

మర్నాడు సాయంత్రం కృప ఆర్డరు తెచ్చి బల్ల మీద పెట్టింది.

“నవ్వుతూనే ఉన్నావుగా, కోపం రాలేదనుకున్నా,” అన్నాను నీళ్ళు నములుతూ.

“కెమెరా నా మొహం మీదుందని నవ్వానండీ. లేకపోతే అక్కడే ఏడ్చేదాన్ని.”

సిగ్గుతో చచ్చిపోయాను. వంటింట్లోకి వెళ్ళి పప్పు డబ్బా కోసం వెతికాను. చివరికి అదెక్కడుందో కూడా ఆవిడనే అడగాల్సొచ్చింది.